మళ్ళీ ఉతికే ముందు రాసే చీటీ

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం మా చెల్లి చదువు మధ్యలో ఆపేస్తుందని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆపేశాక ఎందుకు ఆపేశావని దాన్ని ఎవరూ అడగరని.

మిగతా భయాలకు నా దగ్గర కొదవ లేదు. గ్యాసు కట్టేశానో లేదో అని మెట్లు దిగినదాన్ని మళ్ళీ ఎక్కుతాను. పాప నిద్రలో మరీ కదలకుండా ఉంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మా ఆయన నడిపే వ్యాను పది నిమిషాలు ఆలస్యమైతే నా మనసు ఆసుపత్రి దాకా వెళ్ళి తిరిగొస్తుంది. అవన్నీ వచ్చీపోయే చుట్టాలు. ఈ ఒక్క భయం మాత్రం ఇంటి మనిషి. పొద్దున్నే నాతోపాటే లేస్తుంది.

ఎందుకంటే అది నాకు జరిగింది. నేను పన్నెండో తరగతి సగంలో ఉండగా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మంచం మీంచి దించడానికి, ఎక్కించడానికి ఒక మనిషి కావాలి. నాన్న అప్పటికే లేడు, చెల్లికి పదమూడేళ్ళు. మూడు నెలలు ఇంట్లో ఉండిపోయాను. అమ్మ కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసిన వారం నేను మళ్ళీ క్లాసుకు వెళ్ళాను. హాజరు పట్టీలో నా పేరు మీద ఎర్ర గీత ఉంది. నేను కూర్చునే చోట పక్కమ్మాయి సంచి ఉంది. ఆ అమ్మాయి చెడ్డదేం కాదు. నన్ను చూసి నవ్వింది కూడా. కానీ సంచి తియ్యలేదు. తియ్యమని నేనూ అడగలేదు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాను. ఆ మూడు నెలల్లో కానీ ఆ తర్వాత ఇన్నేళ్ళలో కానీ, ఏమైంది అని ఆ బడి నుంచి ఒక్క ఫోను రాలేదు.

తర్వాత లాండ్రీలో చేరాను. ఊళ్ళో ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు అన్నీ మా దగ్గరికే వచ్చేవి. నాది మడతపెట్టే బల్ల. పాతిక దుప్పట్లు ఒక కట్ట. కొన్నాళ్ళకి లెక్కపెట్టకుండానే, కట్టను చూస్తే ఇరవై నాలుగో పాతికో తెలిసిపోయేది. పాప కడుపులో పడ్డాక ఆవిరికి కళ్ళు తిరుగుతున్నాయని మానేశాను. అప్పటికే చెల్లి డిగ్రీ పూర్తిచేసి అక్కడే మరకల తనిఖీలో స్థిరపడింది. ఉతికి ఆరిన బట్టను వెలుతురు బల్ల మీద పరిచి, మరక మిగిలిందా లేదా చూడటం దాని పని. తెల్ల దుప్పటి మీద ఆవగింజంత మచ్చ చూసి ఇది మందు, ఇది తుప్పు, ఇది మామూలు కాఫీ అని చెప్పేస్తుంది. అందరూ దాన్ని మరకల డాక్టరు అంటారు. మూడేళ్ళలో ఆ షిఫ్టుకి పెద్ద అయింది. దాని కింద పద్నాలుగు మంది. వాళ్ళలో సగం మంది దానికంటే పదేళ్ళు పెద్ద.

మరకల డాక్టరుకి వ్యాపార నిర్వహణ పెద్ద చదువు చదవాలని ఎందుకు బుద్ధి పుట్టిందంటే, లాండ్రీకి కొత్తగా ఒక మేనేజరు వచ్చాడు. ఆ చదువే చదివాడు. రాగానే రీవాష్ చీటీలు దండగ అన్నాడు.

రీవాష్ చీటీ అంటే ఏమిటో చెప్పాలి. మరక పోని బట్టను మళ్ళీ ఉతకడానికి పంపేటప్పుడు ఒక చిన్న పచ్చ చీటీ రాసి పిన్ను పెడతారు. మరక దేనిది, ఎలా తియ్యాలి, చూసింది ఎవరు. ఈ మూడూ రాయకుండా ఏ బట్టా మెషిన్లోకి వెళ్ళకూడదు. రక్తం మరకకి ముందు చన్నీళ్ళు పడాలి. వేడి తగిలితే ఉడికి దారంలో కలిసిపోతుంది, ఇంక ఏ మందుకీ రాదు. మేనేజరు చీటీలు ఆపించి, మిగిలినవన్నీ ఒకేసారి వేడినీళ్ళలో వేయించాడు. వారం తిరక్కుండా ఒక ఆసుపత్రి మూడు వందల దుప్పట్లు వెనక్కి పంపింది. చీటీలు మళ్ళీ వచ్చాయి. ఆ రోజు ఇంటికొచ్చి చెల్లి చెప్పులు విప్పుతూ అంది:

"ఆయన సీట్లో కూర్చోడానికి ఆ చదువు చాలదక్కా. కానీ ఆ చదువు లేకుండా ఆ సీటు దగ్గరికి రానివ్వరు. అదీ సంగతి."

అలా ప్రవేశ పరీక్షకి కట్టింది. సెలవు రోజుల్లో కోచింగు, పని రోజుల్లో లాండ్రీ వ్యానులో చదువు. ఇంటి నుంచి లాండ్రీకి మా ఆయన పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే, ఆయన గుంతలన్నీ తప్పించి నడిపేవాడు. ఆసుపత్రి దుప్పట్లకి కూడా ఎప్పుడూ అంత మర్యాద చెయ్యలేదు.

ఫలితం నా ఫోనుకే వచ్చింది. నలభై మూడు అని ఉంది. నేను ఎగిరి గంతేశాను. మా ఇంట్లో ముప్పై ఐదు వస్తే పాసు. అమ్మ లెక్క అదే, నా లెక్కా అదే. మా ఆయనకు చెప్పాను, ఆయన లాండ్రీకంతా చెప్పాడు. అంతటితో ఆగితే బాగుండేది. కేకు కొనుక్కెళ్ళి, దాని మీద క్రీముతో 43 అని రాయించాడు. భోజనాల గదిలో అందరూ చుట్టూ నిలబడ్డారు. చెల్లి తనిఖీ బల్ల దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ అంకె చూసి, ఒక్క క్షణం ఆగి, కత్తి తీసుకుని నాలుగుకీ మూడుకీ మధ్య కోసిందట. అందరికీ తనే పంచిందట. తన ముక్క తినలేదని మా ఆయనకి సాయంత్రం గుర్తొచ్చింది.

మర్నాడు నేను పాపని చంకనేసుకుని కోచింగు సారు దగ్గరికి వెళ్ళాను, ఏ కాలేజీలకి రాయాలో అడుగుదామని. మొహమంతా నవ్వుతోనే వెళ్ళాను. ఆయన నా నవ్వు చూసి పాపం కాసేపు తటపటాయించాడు. తర్వాత అది మార్కు కాదని చెప్పాడు. రాసినవాళ్ళలో నూరు మందిని వరసగా నిలబెడితే మీ చెల్లి ముందు యాభై ఆరు మంది ఉన్నారమ్మా, అన్నాడు.

కేకు గుర్తొచ్చింది. అయినా ఊరుకోలేకపోయాను.

"వెనకాల నలభై మూడు మంది ఉన్నారుగా సార్."

ఉన్నారు, కానీ వాళ్ళకీ సీట్లు రావు అన్నాడు. ఒక రంగుల కాగితం ఇచ్చాడు. కాలేజీలన్నీ వరసలో ఉన్నాయి. పైన ఆకుపచ్చ, మధ్యలో పసుపు, కింద ఎరుపు. మనం ఎరుపులోకి వస్తామన్నాడు. రెండు దారులున్నాయట. ఒకటి, ఉద్యోగం మాని ఏడాదంతా ఆయన దగ్గర మళ్ళీ కోచింగు తీసుకోవడం. రెండోది, ఎరుపులో ఉన్న అద్దాల కాలేజీ. అక్కడ స్కోరుతో పని లేదు, ఫారం నింపితే చాలు, ఆయన ఒక మాట చెప్తే సీటు ఇంటికొస్తుంది. ఎటు తిప్పినా దారి సారు గుమ్మం మీంచే పోతోందని నాకు మెట్లు దిగుతుంటే తట్టింది. దిగాక తట్టే తెలివే నాది, ఏం చేస్తాం.

ఇంటికొచ్చేసరికి చెల్లి పాప బట్టలు మడతపెడుతోంది. నాకంటే బాగా మడతపెడుతుంది, అది వేరే బాధ. సారు చెప్పింది చెప్పాను. అది తల ఎత్తలేదు.

"కేకు కోసేటప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి నోరు విప్పి చెప్పలేదేం?"

"బావ మొహం చూడాల్సింది నువ్వు. అందరి ముందూ ఆ వెలుగు ఆర్పడానికి మనసొప్పలేదు."

తర్వాత చాలా మామూలుగా, మర్నాడు ఏం వండాలో చెప్పినట్టు చెప్పింది. ఇంక రాయదట. ఎక్కడికీ ఫారాలు పంపదట. ప్రింటు తీసుకున్న స్కోరు కాగితం నిన్ననే లాండ్రీలో దూది చెత్త పోసే డబ్బాలో పడేసిందట. మరకలు చూసుకుంటూ బతికెయ్యొచ్చు, ఏం తక్కువైందని అంది.

అది మాట్లాడుతున్నట్టు లేదు. పదకొండేళ్ళ కిందట ఆ క్లాసు గుమ్మంలో నిలబడ్డ నేను మాట్లాడుతున్నట్టుంది. అప్పుడు నన్ను ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఏమడగాలి? అది ఆలోచిస్తుంటే మంచం మీద చెల్లి పని చొక్కా కనిపించింది. దాని జేబులో ఎప్పుడూ ఉండే పచ్చ చీటీల కట్ట పైకి తొంగిచూస్తోంది. ఒకటి చింపి దాని ముందు పెట్టాను.

"మరక దేనిదో రాయకుండా మళ్ళీ మెషిన్లో వేస్తే ఏమవుతుంది?"

"ఏంటక్కా చిన్నపిల్లలాగా."

"చెప్పు."

"ఉడికిపోతుంది. ఇంక రాదు."

"పోనీ పక్కన పడేస్తే?"

"అదీ అంతే. పాతబడితే దారం తినేస్తుంది."

"అయితే రాయి. రాశాక మానేస్తే మానెయ్. నేనేం అనను."

చదవాల్సింది నువ్వా నేనా అని అడిగింది. ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది, ఎందుకంటే జవాబు నాకే తెలియదు. చదవాల్సింది నువ్వే, రాయించాల్సింది నేను అన్నాను. నా ఫోన్లో స్కోరు ఇంకా ఉంది. విడివిడిగా చూశాం. లెక్కల్లో డెబ్భై నాలుగు. పట్టికలు, బొమ్మలు చూసి లెక్కగట్టే భాగంలో అరవై ఒకటి. చదివి అర్థం చేసుకునే భాగంలో ఎనిమిది.

ఎనిమిది ఎందుకొచ్చిందంటే చెప్పడానికి మొదట సిగ్గుపడింది. మా ఆయన పని నుంచి వచ్చి కూర్చున్నాక, అమ్మ కూడా కర్ర ఊతంతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాక, చెప్పింది. మొదటి పాసేజీయే ఆసుపత్రుల శుభ్రత గురించి వచ్చిందట. నా పంట పండింది అనుకుందట. చదివితే అందులో, రక్తం మరకలు పోవాలంటే నీళ్ళు ఎంత వేడిగా ఉంటే అంత మంచిదని ఉందట. కింద ఆరు ప్రశ్నలు, నాలుగు దాని మీదే. పై పాసేజీ ప్రకారం ఏది సరైనది అని స్పష్టంగానే అడిగాడట. అయినా దాని చెయ్యి తప్పు జవాబు మీదకు పోలేదు. తప్పు కదా, ఎలా పెట్టను అనుకుంటూ మళ్ళీ మళ్ళీ చదివి, తనకు తెలిసిందే పెట్టింది. అలా ఇరవై రెండు నిమిషాలు ఆ ఒక్క పాసేజీతో పోట్లాడింది. మిగతా మూడు పాసేజీల మొహం చూడనేలేదు.

ముందు మా ఆయన నవ్వాడు.

"ఆ పాసేజీ రాసినాయన చొక్కా ఒకసారి మన లాండ్రీకి పంపమను మరదలా, వేడినీళ్ళలో వేసి చూపిద్దాం."

చెల్లి కూడా నవ్వేసింది, కళ్ళల్లో నీళ్ళతో. అమ్మకి మాత్రం కోపం వచ్చింది. అబద్ధం ఒప్పుకున్నవాళ్ళకి మార్కులు, నిజం రాసిన పిల్లకి సున్నానా, ఇదెక్కడి న్యాయం అని. పరీక్ష అంటే అదే అత్తయ్యా, అడిగింది చెప్పాలి, తెలిసింది కాదు అని మా ఆయన సర్దిచెప్పబోతే, అందుకేగా నువ్వు డ్రైవరువి అయ్యావు, దారి తెలిసినా వాళ్ళు చెప్పిన దారినే పోతావు అంది. అల్లుడి నోరు మూయించడంలో అమ్మకి డిగ్రీ ఉంది.

చెల్లి చీటీ రాసింది. మరక దేనిది: కాగితం మీద ఉన్నది వదిలేసి తనకు తెలిసింది రాయడం. ఎలా తియ్యాలి: రోజుకు రెండు పాసేజీలు, గడియారం పెట్టుకుని, నోరు మూసుకుని. చూసింది ఎవరు అనే చోట నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను.

మర్నాటి నుంచి కాలేజీలు వెతకడం నా పని. అది పనిలో ఉంటుంది, నా చేతిలో ఫోనూ చంకలో పాపా ఉంటారు. సారు కాగితాన్ని తిరగేసి వెనక వైపు నాదొక పట్టిక గీసుకున్నాను. పని చేసుకుంటూ సాయంత్రం చదవనిచ్చేవి, పనిచేసిన ఏళ్ళని లెక్కలోకి తీసుకునేవి, పిలిచి మాట్లాడేవి. అలాంటివి ఏడు తేలాయి. అందరూ మొదట స్కోరు అడిగారు. నేను చెప్పి, నా ప్రశ్న అడిగాను. మీ దగ్గర చేరి మధ్యలో మానేసినవాళ్ళు ఎంతమంది, మానేస్తే మీరేం చేస్తారు?

ఇలా ఎవరూ అడగరనుకుంటా. ఒకడు రాంగ్ నంబరు అన్నాడు. ఒకామె నన్ను విలేకరి అనుకుని పెట్టేసింది. ఇంకో చోట, అలాంటివి బయటివాళ్ళకి చెప్పం అన్నారు. లోపలివాళ్ళకి చెప్తారా అంటే, లోపలివాళ్ళు అడగరు అన్నారు.

సారు మాట పూర్తిగా తీసెయ్యలేక అద్దాల కాలేజీకి కూడా వెళ్ళాను. ముందు గదిలో సోఫాలు ఎంత మెత్తగా ఉన్నాయంటే పాప కూర్చోగానే మునిగిపోయి ఏడ్చింది. కోటు వేసుకున్న అబ్బాయి ఒకడు చాలా మర్యాదగా మాట్లాడాడు. నా ప్రశ్నకి గర్వంగా నవ్వి, మా దగ్గర ఎవరూ మానరు మేడం అన్నాడు. నేను గోడ వైపు చూస్తున్నాను. అక్కడ ఒకే బ్యాచి ఫొటోలు రెండు, చేరిన ఏడాదిదీ, ముగించిన ఏడాదిదీ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. మొదటి దాంట్లో వరసకి పదహారు చొప్పున నాలుగు వరసలు. రెండో దాంట్లో పదమూడు చొప్పున మూడే. నేను కట్టలు చూసినదాన్ని.

"ఇక్కడ అరవై నాలుగు తలలున్నాయి బాబూ, అక్కడ ముప్పై తొమ్మిదే ఉన్నాయి. మిగతావాళ్ళేమయ్యారు?"

ఆ అబ్బాయి ఫొటోల వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఫొటో రోజున రాలేదేమో అన్నాడు. పాతిక మంది, అంటే సరిగ్గా ఒక కట్ట. ఒక కట్ట దుప్పట్లు తగ్గితే లాండ్రీలో షిఫ్టు మొత్తాన్ని ఆపి వెతుకుతాం. ఇక్కడ పాతిక మంది మనుషులు తగ్గితే గోడకి మేకు కొట్టి తగిలించుకున్నారు. పాపని ఎత్తుకుని వచ్చేశాను.

ఆఖరిది పాత భవనం. కింద మందుల షాపు, పైన రెండంతస్తుల్లో సాయంత్రం క్లాసులు. మెట్లు అరిగి మధ్యలో పల్లం పడ్డాయి. ఆఫీసు గదిలో కళ్ళజోడుకి గొలుసు వేలాడేసుకున్న పెద్దావిడ ఒక్కతే ఉంది. నా ప్రశ్న విని, పాప కోసం కుర్చీ మీది ఫైళ్ళు తీసి, సొరుగులోంచి నోటుబుక్కు తీసింది. పోయినేడు చేరినవాళ్ళు నలభై ఎనిమిది మంది. పదకొండు మంది మానేశారు. ఒక్కొక్క పేరు పక్కన కారణం, తను ఫోను చేసిన తేదీలు. పెళ్ళి. షిఫ్టు మారింది. తండ్రికి జబ్బు. ఫోను ఎత్తలేదు, మళ్ళీ చేశాను. ఎత్తలేదు, మళ్ళీ చేశాను. ఎత్తింది. పదకొండులో నలుగురు తిరిగొచ్చారట.

ఇది మీ ఉద్యోగంలో భాగమా మేడం అని అడిగాను. కాదంది. జీతం హాజరు వేసినందుకు ఇస్తారు, రానివాళ్ళ కోసం ఎవరూ ఇవ్వరు అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. మానేసేవాళ్ళలో ఎక్కువమంది ఏడో వారంలో మానేస్తారట. మొదటి పరీక్షలు అప్పుడే. రెండు రోజులు ఖాళీ సీటు కనిపిస్తే ఆవిడ ఆగదట, మూడో రోజు ఫోను చేస్తుందట. వారం దాటితే వాళ్ళకి రావడానికి మొహం చెల్లదమ్మా, అంది. తర్వాత నన్నడిగింది.

"నువ్వెంతదాకా చదివావు?"

"పన్నెండు. సగం."

"ఎవరూ ఫోను చెయ్యలేదా?"

నేను వంగి పాప సాక్సు సరిచేశాను. ఆ సాక్సు బాగానే ఉంది.

ఇంట్లో దీని మీద పెద్ద సభే జరిగింది. ఎవరూ మానని కాలేజీని వదిలేసి, పదకొండు మంది పారిపోయిన చోటికి పంపుతావా అని మా ఆయన తల పట్టుకున్నాడు. రెండు చోట్లా మానేస్తున్నారు, ఒక్క చోటే రాసిపెట్టుకుంటున్నారు అన్నాను. చీటీ ఉన్న బట్టా, చీటీ లేని బట్టా. చెల్లి అంతవరకూ వింటూ కూర్చుంది. అప్పుడు మాత్రం, ఫారం ఎక్కడుంది, ఇటివ్వు అంది. నేను సారుకి ఫోను చేసి చెప్తే ఆయన నవ్వాడు, అది ర్యాంకుల్లోనే లేదన్నాడు.

"మా చెల్లీ లేదుగా సార్. సరిపోయింది."

పదకొండేళ్ళలో నేను ఎవరికైనా ఎదురు చెప్పి, తర్వాత వణక్కుండా ఫోను పెట్టేసింది అదే మొదలు. అబద్ధమెందుకు, కొంచెం వణికాను.

ముఖాముఖి రోజున నేను నడవాలో పాపని ఆడిస్తూ కూర్చున్నాను. లోపల ఫ్యాను పనిచెయ్యక తలుపు సగం తీసి పెట్టారు, అందుకని మొత్తం వినపడింది. ముగ్గురున్నారు. పని గురించి చాలాసేపు అడిగారు. తనకంటే పెద్దవాళ్ళతో పనెలా చేయిస్తావు, మేనేజరు తప్పు చేసినప్పుడు ఏం చేశావు అని. చీటీలు ఆపేసిన వారంలో కూడా తను దొంగచాటుగా ఆసుపత్రి బట్టల్లో సగానికి చీటీలు రాయించిందని, వెనక్కి వచ్చిన మూడు వందలూ మిగతా సగంలోవని అప్పుడు చెప్పింది. ఆ సంగతి నాక్కూడా తెలియదు. తర్వాత ఒకాయన గొంతు సవరించుకుని నలభై మూడు దగ్గరికి వచ్చాడు.

చెల్లి జేబులోంచి పచ్చ చీటీ తీసి బల్ల మీద పెట్టినట్టుంది. వాళ్ళు దాన్ని అందుకుని చదివినట్టున్నారు. నోరు మూసుకుని అనే చోటికి వచ్చినప్పుడనుకుంటా, ఎవరో ఆడమనిషి నవ్వింది. పాసేజీ కథ విన్నాక ఆవిడే అడిగింది.

"ఇప్పుడు అదే పాసేజీ మళ్ళీ ఇస్తే ఏం చేస్తావు?"

"వాళ్ళడిగింది రాస్తానండి. రెండు నిమిషాల్లో రాసేస్తా. బయటికొచ్చాక, ఇది తప్పు అని వాళ్ళకి ఉత్తరం రాస్తా. దుప్పట్లు పాడవుతాయండి మరి."

సీటు ఇచ్చారు, ఒక మెలిక పెట్టి. చదవడం, రాయడం నేర్పే అదనపు క్లాసు వారానికి రెండు రోజులు. మొదటి పరీక్షల్లో అది దాటకపోతే సీటు పోతుంది. అంటే మూడు సాయంత్రాలు క్లాసు, రెండు సాయంత్రాలు అదనపు క్లాసు, పగలంతా లాండ్రీ. గొలుసు కళ్ళజోడావిడ చేరిక కాగితం ఇస్తూ, నోటుబుక్కులో దాని ఫోను నంబరు తన చేత్తో రాసుకుంది. నా నంబరు కూడా ఇవ్వబోతే వద్దంది. నీకు చేస్తే నువ్వు దాన్ని తిడతావు, దానికి చేస్తే అది చెప్తుంది అంది. నిజమే.

ఇప్పుడు ఐదో వారం నడుస్తోంది. చెల్లి మొహం పీక్కుపోయింది. మొన్న పాసేజీ చదువుతూ కంచం ముందే నిద్రపోయింది. మొదటి మోడల్ పరీక్షలో నాలుగు పాసేజీలూ ముగించింది, సగం తప్పులు. ముగించడం కొత్త అని సంబరపడింది. అయినా నిన్న బస్సు దిగి వచ్చి, ఊరికే అడుగుతున్నా అక్కా, మధ్యలో ఆపితే ఈ ఏడాది కట్టిన ఫీజు వచ్చే ఏడాదికి చెల్లుతుందా అంది. ఊరికే అడిగానంది మళ్ళీ. నేను కూడా ఊరికే విన్నట్టు ఊరుకున్నాను. లోపల ఇంటి మనిషి లేచి కూర్చుంది.

దానికి తోడు ఇంకో కబురు. గొలుసు కళ్ళజోడావిడ ఈ నెలాఖరుకి పదవీ విరమణ చేస్తోందట. నోటుబుక్కు ఎవరికి అప్పగిస్తారు మేడం అని వెళ్ళి అడిగాను. కొత్తగా వచ్చినవాళ్ళు హాజరంతా కంప్యూటర్లో వేస్తారట. వరసగా పది రోజులు రాకపోతే పేరు దానంతటదే ఎర్రబడుతుందట. నోటుబుక్కు అక్కర్లేదన్నారట. ఆవిడ దాన్ని ఇంటికి తీసుకెళ్తోంది. తిరిగొచ్చిన ఆ నాలుగు పేర్లు నాకు జ్ఞాపకం ఉంటాయిలే అంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఏడో వారానికి ఆవిడ ఉండదు. నేను ఆ క్లాసులో ఉండను. నా మాట అక్క మాట, చెల్లికి అది ఎప్పుడూ తిట్టులాగే వినపడుతుంది. అందుకే ఇదంతా రాశాను. నాకు వాక్యాలు సరిగ్గా రావు, రాసినంత రాశాను. ఎర్ర గీతకి ఈసారి మా ఇంట్లోంచి ఒక్క పేరు కూడా ఇవ్వను.

ఇది చదువుతున్న మీరు ఏదో ఒక సాయంత్రం క్లాసులో కూర్చునేవాళ్ళే కావచ్చు. అక్కడ ఒకమ్మాయి ఉంటుంది, తలుపు పక్క వరసలో, కాస్త ఆలస్యంగా వస్తుంది. బట్టలకి ఆవిరి వాసన, వేళ్ళ కొసలు మందు నీళ్ళకి తెల్లగా పాలిపోయి ఉంటాయి. అది మా చెల్లి కావచ్చు, ఇంకొకరి చెల్లి కావచ్చు. రెండు రోజులు ఆ సీటు ఖాళీగా కనిపిస్తే, దయచేసి అక్కడ మీ సంచి పెట్టకండి. మూడో రోజు దాకా కూడా ఆగకండి. దానికి ఒక్క ఫోను చేసి, ఏమైందని అడగండి. ఎత్తకపోతే మళ్ళీ చెయ్యండి.